వర్ధంతికి మా అన్నయ్య పాట

ఊరూరా అభిమానులున్న ఒక పాప్ గాయకుడు కారు ప్రమాదంలో పోయాడని టీవీలో చెప్పిన రోజు మా నల్లపాడు స్టాండులో ఒక్క ఆటో కూడా కదల్లేదు. ఆ డ్రైవర్లలో ఆయన్ని కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా తోడబుట్టినవాడు పోయినట్టు ఏడ్చారు. నాకు ముందు నవ్వొచ్చింది, పదహారేళ్ళ పొగరు మరి. తరవాత వంటింట్లోకి పోయి నేనూ ఏడ్చాను.

మా అన్నయ్య అప్పటికే చర్చిలో పాడేవాడు. పాటలు సొంతంగా కట్టేవాడు. తన పాటలతో ఒక క్యాసెట్ తేవాలని ఒకటే ఆశ. మిరపకాయల తొడిమలు తీసి మమ్మల్ని పెంచిన మా అమ్మకి అంతకు మించిన ఆశ. "నా బిడ్డ గొంతులో దేవుడు తేనె పోశాడు, నాలాగా ఘాటు పీల్చి బతకక్కర్లేదు" అని వాడలో అందరితోనూ చెప్పుకునేది.

పదకొండో రోజున అభిమానులు స్టాండులో సంస్మరణ పెట్టారు. పటానికి గులాబీల దండ వేశారు, మైకు తెచ్చారు, పులిహోర పంచారు. ఆయన పాట ఒకటి పాడమని అన్నయ్యని బతిమాలారు. అన్నయ్య అచ్చం ఆయనలాగే పాడాడు. ఎప్పుడు సాధన చేశాడో మాకే తెలియదు. ఆడా మగా బావురుమన్నారు. ఒక డ్రైవరు తట్టుకోలేక పటం మీది దండ తీసి అన్నయ్య మెడలో వేసేశాడు.

అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఒరేయ్, బుద్ధుందంట్రా మీకు? పోయినోడి దండ బతికున్నోడి మెళ్ళో వేస్తారంట్రా!" అంటూ దాన్ని పీకి అవతల పారేసింది.

"మా అన్న మళ్ళీ వచ్చాడనిపించింది పెద్దమ్మా. ప్రేమకొద్దీ వేశాను" అన్నాడు ఆ డ్రైవరు, ముక్కు తుడుచుకుంటూ. ప్రేమే, నేను కాదనను.

ఇక అక్కణ్ణుంచి ఆయన జయంతికీ వర్ధంతికీ పాడించుకోవడానికి అన్నయ్య కోసం మనుషులు రావడం మొదలైంది. పిడుగురాళ్ళ నుంచి వచ్చారు, ఒంగోలు నుంచి వచ్చారు. ఆయనలాగే జుట్టు పెంచమన్నారు, పెంచాడు. ఆయనలాగే నల్లకళ్ళద్దాలు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాడు. చీరాలలో ఒక వర్ధంతికి తోడుగా నేనూ వెళ్ళాను. మధ్యలో ధైర్యం చేసి సొంత పాట ఎత్తుకున్నాడు. పల్లవి పూర్తి కాకముందే "ఎవడిక్కావాలి నీ పాట? అన్న పాట పాడు!" అని ముందు వరసలోంచి అరిచారు. ఈలలు, కుర్చీల చప్పుడు. అన్నయ్య తన పాట వదిలేసి ఆయన గొంతులోకి వెళ్ళిపోయాడు. అరిచినవాళ్ళే స్టేజి ముందు గంతులేశారు.

మర్నాడు రైల్లో నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు బతికే ఉన్నావని వాళ్ళకి ఎవరు చెప్తారు?" అన్నాను.

"వాళ్ళకి కావాల్సింది ఆయనే. ఆయన లేడు, నేను దొరికాను. పోనీలేవే" అన్నాడు.

అలా పోనిస్తూనే ఏళ్ళు గడిచాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. అన్నయ్య ఏదీ తేలేదు.

చివరికి మిరప ఘాటు అమ్మ ఊపిరితిత్తుల్ని తినేసింది. మంచం దిగలేకపోయేది. ఒక మధ్యాహ్నం అన్నయ్యని పిలిచి, చిన్నప్పుడు ఆదివారం బడిలో పాడిన పాట పాడమంది. అన్నయ్య మంచం పట్టె మీద కూర్చుని పాడాడు. అమ్మ కాసేపు విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయనలా కాదు నాన్నా. నీలా పాడు."

గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అదే సాగదీత, అదే విరుపు. ఇంకోసారి మొదలుపెట్టి సగంలో ఆపేశాడు.

"రావట్లేదమ్మా" అన్నాడు. "నేనెలా పాడేవాణ్ణో గుర్తు రావట్లేదు."

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పవే, వాడి గొంతు ఎలా ఉండేదో."

చెబుదామని నోరు తెరిచాను. ఎంత వెతుక్కున్నా నా చెవుల్లోనూ ఆ పోయినాయన గొంతే ఉంది.