సగం కథల క్షవరం

కోతల బాబాయి కత్తెర చప్పుడు వింటే పక్క వీధి పిల్లులు కూడా మీసాలు సర్దుకుని కూర్చునేవట. ఆ మాట చెప్పింది బాబాయే కనుక, వీధిలో పిల్లులున్నాయన్నంతవరకూ నిజమేనని అందరూ ఒప్పుకున్నారు.

ఆ పట్టణంలోని సేవా క్లబ్‌కి ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు సైన్యంలో చేరినా, బయల్దేరే రోజున క్లబ్ హాల్లో అందరికీ టీ, వెళ్ళేవాళ్ళకి ఉన్ని గ్లౌజులు, ఆపైన అందరి ముందూ బాబాయి చేత క్షవరం. జుట్టు తీస్తూ ఆయన ఒక గొప్ప అబద్ధం అందుకుంటాడు. సరిగ్గా రసపట్టులో ఆపి, "మిగతాది సెలవుకొచ్చాక" అంటాడు. అది వినడానికైనా తిరిగొస్తారని క్లబ్ నమ్మకం. వచ్చినవాళ్ళు ఆ సంగతే మరిచిపోయేవారు. బాబాయి బతికిపోయేవాడు, మిగతాది ఆయన దగ్గర ఏనాడూ లేదు.

ఇస్త్రీ కొట్టు ఆవిడ కొడుకు సెలవుకి రాలేదు. పెట్టెలో వచ్చాడు. కొన్నాళ్ళకి ఆవిడ నేరుగా బాబాయి షాపులోకొచ్చి కుర్చీలో కూర్చుంది.

"మావాడికి చెప్పిన కథ పూర్తి చెయ్యన్నయ్యా. వాడి బదులు నేను వింటా."

ఊరందరి నోళ్ళూ మూయించిన బాబాయి కుళాయి తిప్పాడు. దువ్వెన కడిగాడు. కడిగిందే కడిగాడు. ఆవిడ కాసేపు చూసి లేచి వెళ్ళిపోయింది. మూల నుంచి షాపు ఊడుస్తున్న ఆయన కూతురు అంతా చూసింది.

ఇప్పుడా కూతురే సైన్యానికి బయల్దేరింది. హాల్లో కుర్చీ ఆమెది. ముందు వరసలో ఇస్త్రీ కొట్టు ఆవిడ.

జడ తెగి నేల మీద పడింది. బాబాయి గొంతు ఎత్తాడు. "మా తాత ఓసారి నిద్రపోతున్న పులికి మీసాలు గొరిగేశాడు. అది లేచి, 'అద్దమేదిరా?' అంది. ఇక మిగతాది..."

"ఇప్పుడే చెప్పు నాన్నా."

"ఆనవాయితీ కదే తల్లీ."

"నీ దగ్గర మిగతాది ఉండదని నాకు తెలీదా? లేనిదానికోసం రమ్మంటే ఎలా వస్తా?"

"కానివ్వవయ్యా, బస్సు టైమవుతోంది," అన్నాడు క్లబ్ ప్రెసిడెంటు, టీ ఊదుకుంటూ.

బాబాయి తడుముకున్నాడు. "అద్దంలో చూసుకుంది. సిగ్గేసింది. అడవిలోకి వెళ్ళిపోయింది."

"మళ్ళీ రాలేదా?"

అప్పటికిగానీ తానేమన్నాడో ఆయనకి తెలియలేదు.

"ఎందుకు రాదే! మీసాలు పెరగ్గానే వచ్చింది. మా తాత గుమ్మంలోనే పడుకునేది. వంద మంది చూశారు..."

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. ఇస్త్రీ కొట్టు ఆవిడ తాగని టీ కింద పెట్టి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది.

బాబాయి చూశాడు. అయినా ఆపలేకపోయాడు. పులికి పెళ్ళి చేశాడు, పిల్లల్ని పుట్టించాడు, ముసలిదయ్యేదాకా బతికించాడు. కథ ఇంకా సాగుతుండగానే, కూతురు తన మెడ చుట్టూ ఉన్న గుడ్డ తానే విప్పుకుని బస్సు కోసం లేచింది.