అక్క పక్క సీటు

పోయిన నెల మా తోడికోడలు పోయింది. ఖమ్మం దవాఖానా నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్ ఎత్తిన మా ఆయన ముఖం చూస్తేనే సంగతి అర్థమైంది. అత్తమ్మకు చెప్పే పని నా మీద పడింది. ఆవిడ విని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత అడిగిన మొదటి మాట, "ఇగ బండెవరు తోల్తరే?" అని. అంత ఏడుపులోనూ నాకు చివుక్కుమంది. నాకూ లైసెన్సు ఉంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆమె గురించి రాయడానికి మంచికేం కొదవలేదు, నా బాధంతా అదే. ఆమె అంటే నాకు కుళ్ళు. ఈ ఇంటి గడప తొక్కిన నాటి నుంచీ కుళ్ళే, ఇది రాస్తున్నప్పుడూ కుళ్ళే. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది. మా మధ్య ఒక్కసారైనా గట్టిగా మాటామాటా వచ్చి ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికి నాకొక కారణమైనా మిగిలేది.

మాది దమ్మపేట దగ్గర పల్లె. ఇంట్లో మామయ్య కొన్న పాత తెల్ల కారు ఉంది. కొడుకులిద్దరికీ ఓపిక లేదని ఆయన దాని పనంతా పెద్దకోడలికి నేర్పాడు. ఆమె నేలకొండపల్లి నుంచి వచ్చిన పిల్ల, అప్పటికి సైకిల్ కూడా తొక్కలేదట. నేను కాపురానికి వచ్చేసరికి మామయ్య లేడు, కారు మాత్రం ఆమె మాట వింటోంది. ఇంట్లో ఎవరు తోలినా అత్తమ్మ వెనక సీట్లో కూర్చునేది, చివరికి సొంత కొడుకులు తోలినా సరే. అక్క తోలితే మాత్రం ముందు సీటు. సత్తుపల్లి సంతకైనా, భద్రాచలం రాములవారి దగ్గరికైనా వాళ్ళిద్దరూ ముందు కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. నేను వెనక కూరగాయల సంచులతో కూర్చునేదాన్ని. నేను తోలిన రోజున అత్తమ్మ వెనక్కి పోయేది, నా పక్కన సంచులు కూర్చునేవి.

అక్క నన్ను దూరం పెట్టిందని మాత్రం అనలేను. మిర్చి కోతలు అయిపోయాక ఏటా ఒక పొద్దున, ఇంజన్ చల్లగా ఉండగానే, బానెట్ ఎత్తి నన్ను పిలిచేది. కారుకు మూడే ప్లగ్గులు. వాటిని విప్పి మొనలు చూపించేది, మసిబారాయా, అరిగి గుండ్రంగా అయ్యాయా అని. వైర్లను వంచి రబ్బరు ఎక్కడ పగిలిందో వేలితో తడిమేది. ప్లగ్గు లోతుగా ఉన్న చోట చెయ్యి పట్టదు కదా, మిర్చికి మందు కొట్టే పంపు పైపు ముక్క ఒకటి దాచి పెట్టుకుంది. ప్లగ్గు తలను ఆ పైపులో గుచ్చి మెల్లగా తిప్పితే మర తనంతట తాను దొరికేది. పాన ముందే పెడితే మర చెడుతుందని చెప్పేది.

ఆమె మాటలు రెండు నాకు బాగా గుర్తు. ఒకటి, "తీగ పట్టి గుంజకు చెల్లె, టోపీ పట్టి గుంజు." వైరు చివర ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు తొడుగును ఆమె టోపీ అనేది. రెండోది ప్రతి ఏడూ చెప్పేది, "ఒకటి ఇప్పితే అది బిగించిందాక ఇంకోదాని మీద చెయ్యెయ్యకు." అన్నీ ఒకేసారి తీస్తే ఏ వైరు ఏ ప్లగ్గుదో తెలియక ఇంజన్ తికమక పడుతుంది. నాకు తెలుసులే అక్కా అని విసుక్కునేదాన్ని. అయినా ఈ విద్య నా ఒక్కదానికే చెప్తోందని లోపల కొంచెం గొప్పగా ఉండేది.

ఆమె మంచం పట్టాక కారు కొట్టంలోనే ఉండిపోయింది. దహనం అయ్యాక అస్థికలు గోదావరిలో కలపడానికి బావగారు జీపు మాట్లాడాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "కిరాయి బండిల పోదు నా కోడలు. దాని బండిలనే పోవాలె" అని అరుగు మీద కూర్చుంది. కారు స్టార్ట్ చేస్తే దగ్గుతోంది, కుదుపుతోంది. దవాఖానాకు పోయేముందే అక్క తెప్పించిన కొత్త ప్లగ్గులూ వైర్లూ డాష్‌బోర్డులో అలాగే ఉన్నాయి. నేను మారుస్తానన్నాను. బావగారు అనుమానంగా చూస్తూనే తాళం నా చేతిలో పెట్టాడు.

అప్పుడే పరామర్శకు వచ్చింది అడవి పల్లెలో పనిచేసే అంగన్‌వాడీ టీచరు. నా చేతిలో పైపు ముక్క చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా స్కూటీ ప్లగ్గు మార్చుడు అక్కనే నేర్పింది. గిట్లనే పైపు ముక్క నాకూ ఇచ్చింది" అంది. నాకు ఒళ్ళు మండింది. అంతవరకూ అక్క మీద ఉన్న కుళ్ళు ఆ క్షణం అక్క కోసం కుళ్ళయింది. దానిది ఒక్క ప్లగ్గు, నావి మూడు, అనుకున్నాను. ఆ పిల్ల చూస్తుండగా నా చేతివాటం చూపిద్దామని మూడు వైర్లూ చకచకా పీకేశాను.

కొత్త ప్లగ్గులు బిగించాను, అందులో తప్పులేదు. వైర్లు పెట్టబోతే ఏది దేనిదో తెలియలేదు. తోచినట్టు పెట్టి తాళం తిప్పితే కారు టప్పున పేలి ఆగింది. మార్చి పెట్టాను, ఊగిపోయింది. టీచరమ్మ తన స్కూటీకి ఒకటే వైరని నెమ్మదిగా చెప్పి తప్పుకుంది. వాకిట్లో అందరూ నావైపే చూస్తున్నారు. అక్క చివరి ప్రయాణం నా చేతిలో ఆగిపోయిందని నాకు ఏడుపొచ్చింది.

అరుగు మీద నుంచి అత్తమ్మ అంది, "ఇంకో తీరు పెట్టి చూడు. గది దాని చప్పుడు గాదు."

మళ్ళీ మార్చాను. కాదంది. మళ్ళీ మార్చాను. ఈసారి ఇంజన్ అందుకుంది. నాకు నమ్మకం కుదరలేదు. ఆవిడ మాత్రం లేచి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "అవ్, గిదే" అంది.

ములకలపల్లి మీదుగా అడవి దారిలో నేనే తోలాను. అన్నదమ్ములు వెనక కూర్చున్నారు. అత్తమ్మ ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళకు కూర్చుంది కదా అని మనసు ఎగిరింది. అంతలో బావగారు గుడ్డ కట్టిన చిన్న కుండను ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ కూర్చున్నది అక్కతో. నేను వాళ్ళిద్దరికీ డ్రైవర్ని. పాలవంచ దాటేదాకా ఆ కుండ మీద కూడా కుళ్ళుకున్నాను.

భద్రాచలంలో పని ముగించుకుని కారు దగ్గరికి వచ్చాం. ఆవిడ ఒళ్లో ఇప్పుడేమీ ఉండదు. అలవాటు తెలుసు కనుక నేనే వెనక తలుపు తీసి పట్టుకున్నాను. అత్తమ్మ దాన్ని మూసేసి, చుట్టూ తిరిగి వచ్చి ముందు కూర్చుంది.

"నీకు చప్పుడు తెల్వది. నేను వింట. నువ్వు తోలు" అంది.

గోదావరి వంతెన మీద అద్దాలు దించాను. ఆవిడ తల ఒక పక్కకు వంచి ఇంజన్ చప్పుడే వింటోంది. నేనూ విన్నాను. ఆవిడ చేతులు మాత్రం ఖాళీ ఒళ్లో ఇంకా కుండను పట్టుకున్నట్టే గుండ్రంగా ఉన్నాయి.