నడుముకు బెల్టు, మనసు మలావీలో

ఆ పొద్దున కాన్పు తేలిగ్గానే అయిపోయింది. బిడ్డను తుడిచి తల్లి రొమ్ము మీద పెట్టి, లేవబోయాను. లేవలేకపోయాను. వీపు మధ్యలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు పట్టేసింది. నా దగ్గర పని నేర్చుకుంటున్న చికొండి అనే అమ్మాయి నా చంకల కింద చేతులు పెట్టి లేపింది. "పెపాని, సిస్టర్" అంది. వాళ్ల భాషలో 'అయ్యో' అనడానికి ఆ మాటే వాడతారు. నేను నవ్వేసి, "నాకేం కాలేదు, నువ్వు మాయ పడిందో లేదో చూడు" అని కసిరాను.

ఇది జరిగింది ఆఫ్రికాలోని మలావీ దేశంలో. నా పేరు రూతు, మాది చౌటుప్పల్. నర్సింగ్ చదివి, నల్గొండలో చాలా ఏళ్లు కాన్పుల వార్డులో చేసి, తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఒక చిన్న మిషన్ తరఫున అక్కడికి వెళ్లాను. ఊరికి దూరంగా మిషన్ ఆసుపత్రి. డాక్టరు ఎప్పుడో ఒకసారి వస్తాడు. నెలలు నిండిన ఆడవాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి, ఆసుపత్రి పక్క షెడ్డులో వండుకు తింటూ నొప్పుల కోసం ఎదురుచూస్తారు. అక్కడి అమ్మాయిలకు మిడ్‌వైఫ్ పని నేర్పించడం నా పని. ఆ కాన్పుల గది అంటే నాకు ప్రాణం. నలభై దాటాక దొరికింది కాబట్టి ఇంకా ప్రాణం.

ఇక నడుము నొప్పి సంగతి. కాన్పులు చేసేవాళ్లలో నడుము నొప్పి లేనిది ఎవరికి? వంగీ వంగీ అందరికీ ఉంటుంది. దానికి తోడు మా నర్సులకు ఒక పాడు అలవాటు. ఒకరికొకరం డాక్టర్లం అయిపోతాం. టీ తాగుతూ "నాకో డైక్లో నొప్పి సూది పొడిచెయ్యవే" అంటే, తాగుతున్న కప్పు పక్కన పెట్టి పొడిచేస్తారు. అంతే వైద్యం. "ఇలా బోర్లా పడుకో, వీపు నొక్కి చూస్తా" అని ఎవరూ అనరు. పేషెంటులా బల్ల మీద కూర్చోవడం మాకు నామోషీ.

నొప్పి పోలేదు. పడుకున్నా పోలేదు. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది, ఎండ అనుకున్నాను. జాకెట్లు వదులయ్యాయి, ఉపవాస ప్రార్థనలు అనుకున్నాను. తెల్లారేసరికి దిండు చెమటతో తడిసేది, దోమతెరలో గాలి ఆడటం లేదనుకున్నాను. ఇవే మాటలు ఎవరైనా గర్భిణి వచ్చి చెబితే ఆ క్షణమే కఫం పరీక్షకు పంపేదాన్ని. నా విషయానికొచ్చేసరికి అన్నింటికీ నా దగ్గర సమాధానం రెడీ!

ఒకరోజు వరండాలో నడుస్తుంటే చికొండి వెనక నుంచి పిలిచింది. "సిస్టర్, మీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది." కిందికి చూశాను. ఎడమ కాలు ఉత్త పాదంతో ఉంది. చెప్పు జారినట్టు నాకు తెలియనే లేదు. అప్పుడు భయమేసింది. మిషన్ వాళ్లు ఆ వారమే విమానం ఎక్కించారు. "రెండు నెలల్లో వచ్చేస్తా, నొప్పుల లెక్క చూపే పార్టోగ్రాఫ్ గీయడం మర్చిపోకు" అని చికొండికి చెప్పి వచ్చాను.

హైదరాబాద్‌లో ఎమ్మారై తీశారు. స్పైన్ డాక్టరు చిన్నవాడు, మాట మాత్రం పదును. "డి టెన్, డి లెవెన్ రెండు బోన్స్ తినేసింది. పక్కన యాబ్సెస్ ఉంది. కోక్స్ స్పైన్ లాగుంది. బయాప్సీ చేసి జీన్ ఎక్స్‌పర్ట్ టెస్టుకి పంపుదాం" అన్నాడు. కోక్స్ అంటే టీబీ, యాబ్సెస్ అంటే చీముగడ్డ. నర్సును కాబట్టి తెలుగులో చెప్పించుకోనక్కర్లేకపోయింది.

"ఎప్పుడు తిరిగి వెళ్లొచ్చు డాక్టర్?"

"ఎక్కడికి?"

"మలావీకి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ముందు బాత్రూమ్ దాకా వెళ్లడం గురించి మాట్లాడుకుందామమ్మా."

రిపోర్టు టీబీ అనే వచ్చింది. రిఫాంపిసిన్ సెన్సిటివ్, అంటే మామూలు మందులకు లొంగే రకం. "కాళ్లలో పవర్ ఉంది కాబట్టి ఇప్పుడే సర్జరీ వద్దు. ఏకేటీ, అంటే టీబీ మందులు, మొదలుపెడదాం. స్ట్రిక్ట్ బెడ్ రెస్ట్. పవర్ తగ్గితే మాత్రం వెంటనే ఆపరేషన్" అన్నాడు డాక్టరు.

అమ్మ మొదట మలావీని తిట్టింది. "గా దేశం పోవుడెందుకు, గీ రోగం తెచ్చుకునుడెందుకు?" అంది. ఇది ఇక్కడే, ఎప్పుడో వార్డులో అంటుకుని లోపల దాక్కుని ఉండొచ్చని డాక్టరు చెప్పాడు. అమ్మ నమ్మలేదు. కారులో ఇంటికొస్తూ నా చెవిలో, "టీబీ అని ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నరం పట్టిందని చెప్దాం. టీబీ అంటే మనింట్ల నీళ్లు గూడ ముట్టరు" అంది. వెన్నెముక టీబీ పక్కవాళ్లకు అంటుకోదని, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెప్పాను. "నాకు తెల్వదా? ఊరికి తెల్వాలె గద!" అంది.

చౌటుప్పల్‌లో మా ఇల్లు హైవేకి దగ్గర. పొద్దున్నే ఫార్మా కంపెనీల బస్సులు, పట్నం పోయే డ్యూటీ జనం, సాయంత్రం అవే బస్సులు తిరిగి రావడం. లోకమంతా ఎక్కడికో పోతోంది. నేను మాత్రం చెక్క మంచం మీద. పక్కకు తిరగాలన్నా దుంగను దొర్లించినట్టు ఒంటిని ఒకేసారి తిప్పాలి, దానికీ ఒక మనిషి కావాలి. ఎందరికో బెడ్‌పాన్ పెట్టిన దాన్ని. నా కింద పెట్టిన మొదటి రోజు మూత్రం రాక ఏడ్చాను. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తే తుడవాలనిపించేది. వంటింట్లో గిన్నె పడితే లేవాలనిపించేది. అరికాళ్లలో చీమలు పాకుతుంటే ఇది జబ్బు చీమలా, లేవాలన్న తపన చీమలా అని తెలిసేది కాదు.

ఫోను ఒక్కటే దారి. చికొండి మెసేజ్ పెట్టేది: తొలి కాన్పు, నొప్పులు తగ్గిపోయాయి, ఏం చేయను? నేను మంచం మీద నుంచే అరిచేదాన్ని. మూత్రం పోయించు, నడిపించు, బిడ్డ గుండె విను, లెక్క తగ్గితే పెద్దాసుపత్రికి పంపు. ఒకరోజు అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ ఆగిపోయింది. "పండుకోని గూడ కాన్పులు జేస్తున్నవానే నువ్వు?" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. ఇద్దరం నవ్వాం. నవ్వితే వీపు నొచ్చింది.

మందులు పని చేస్తున్నాయి, జ్వరం పోయింది అనుకుంటుండగా అన్నం వాసన పడటం మానేసింది. కళ్లు పచ్చబడ్డాయి. "ఏకేటీ వల్ల లివర్ దెబ్బతింది. అన్నీ ఆపేయండి. లివర్ కోలుకున్నాక ఒక్కో మందు మళ్లీ మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. మందులేస్తే లివర్, ఆపితే వెన్నెముక! ఆపిన ఆ రోజుల్లో పొద్దున లేవగానే బొటనవేళ్లు కదిపి చూసుకునేదాన్ని. కదిలితే స్తోత్రం. కదలడం కాస్త ఆలస్యమైతే అమ్మను కేకేసేదాన్ని. దేవుడితో మర్యాదగా మాట్లాడలేదు. నీ పనికే కదా వెళ్లాను, నన్నే ఎందుకు పడుకోబెట్టావ్ అని అడిగాను. జవాబు రాలేదు. వాంతి మాత్రం వచ్చింది.

నెమ్మదిగా లివర్ దారికొచ్చింది. మందులు ఒక్కొక్కటే మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఒంటికి పడ్డాయి. వీపుకు గట్టి బెల్టు కట్టి కూర్చోబెట్టారు, తర్వాత నిలబెట్టారు, తర్వాత గోడ పట్టుకుని నడిపించారు. చెప్పు కాలికి ఉందో లేదో మళ్లీ తెలిసింది. కోర్సు ఏడాది దాటి సాగింది. చివరికి అమ్మ, పాస్టరు గారు కలిసి కృతజ్ఞత కూడికకు ఆదివారం ఖాయం చేశారు. మా సంఘాల్లో అది ఆనవాయితీ. జబ్బు తగ్గితే మనిషి అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, తర్వాత భోజనాలు. నేను తిరిగి మలావీ వెళుతున్నానని పాస్టరు గారు ముందే ప్రకటించేశారు. నేనూ ప్రయాణం పెట్టె అటక మీంచి దింపించాను.

కూడికకు ముందు శుక్రవారం చివరి ఎమ్మారై. డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి, "హీల్డ్. బోన్ అతుక్కుంది. కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. "కానీ వంకర తిరిగి అతుక్కుంది. నడవండి, వండుకోండి, పాఠాలు చెప్పండి. డెలివరీలు మాత్రం వద్దు. వంగి గంటలు గంటలు నిలబడటం, పేషెంట్లను ఎత్తడం ఇక వద్దు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ నేను ఇవ్వలేను."

"ఎన్నాళ్లు?"

ఆయన ఫిల్ము కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. అర్థమైంది.

ఆదివారం చర్చి నిండా జనం. బయట బగారన్నం, మటన్ వాసన. నేను బెల్టు మీద చీర సర్దుకుని నిలబడ్డాను. "దేవుడు నన్ను లేపాడు" అన్నాను. "స్తోత్రం!" అన్నారు అందరూ. "నా కాళ్లు నిలిచాయి." "స్తోత్రం!" "కానీ నేను మలావీ పోవడం లేదు. ఇక పోలేను" అన్నాను. అలవాటు కొద్దీ వెనక బెంచీలోంచి ఎవరో "స్తోత్రం!" అనేశారు. నాకు ఒక్కసారిగా కోపమొచ్చింది. "దేనికి స్తోత్రం? నాకు కడుపు మండిపోతోంది" అన్నాను మైకులోనే. అలాగే నిలబడి ఏడ్చాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి అమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఎవరికీ చెప్పొద్దన్న మనిషి, మైకు కూడా లేకుండా అంది: "నా బిడ్డకు టీబీ ఉండె. నరం గిరం కాదు. గోలీలు మింగింది, దేవుడు సూసిండు, తగ్గింది. గని గామె పని గామెకు లేకుంట వాయె. జర దానికోసం ప్రార్థన జేయుండ్రి." పాస్టరు గారు మోకరించారు. భోజనాలప్పుడు మా ఇంటి నుంచి తెచ్చిన నీళ్లే అందరూ తాగారు.

ఇప్పుడు నేను నల్గొండలో నర్సింగ్ పిల్లలకు ప్లాస్టిక్ బొమ్మ మీద కాన్పులు నేర్పుతున్నాను, ఎత్తు స్టూలు మీద కూర్చుని. మనసుకు కుదురు ఇంకా రాలేదు. బొమ్మ అరవదు, చెమట పట్టదు, నా చెయ్యి నలిపేయదు. మొదటి క్లాసులో వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. పడుకున్నా తగ్గని వీపు నొప్పి, దానితో పాటు సాయంత్రం జ్వరమో బరువు తగ్గడమో ఉంటే, తెలిసినవాళ్లతో సూది పొడిపించుకుని ఊరుకోకండి. ఓపీ చీటీ రాయించుకుని, డాక్టరుతో వీపు నొక్కించుకుని, స్కాన్ అడగండి. మీరు నర్సయితే ఇంకా గట్టిగా అడగండి.

ఈమధ్య చికొండికే నొప్పులొచ్చాయి, తొలి కాన్పు. నన్ను వీడియోలో ఉండమంది. అదే గది, అదే బల్ల. నేను ఊరుకుంటానా? ఊపిరి వదలమని, మోకాళ్లు పట్టుకోమని మొదలుపెట్టాను. చికొండి దగ్గర పని నేర్చుకున్న పిల్ల, నేనెప్పుడూ చూడని పిల్ల, ఫోను వైపు వంగి మెల్లగా అంది: "సిస్టర్, మీరు మాట్లాడితే ఆమె మీ వైపే చూస్తోంది. నాకు ఆమె ధ్యాస కావాలి. కాసేపు ఆగండి." నిజమే అంది. నోరు మూసుకున్నాను. తర్వాత హడావిడిలో ఫోను ఎక్కడో పెట్టేశారు. నాకు పైకప్పు తప్ప ఏమీ కనపడలేదు. ఆ పిల్ల గొంతు వినపడింది, తొణకలేదు. ఆ తర్వాత బిడ్డ ఏడుపు.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆడపిల్లనా, మొగపిలగాడా?" అని అడిగింది.

"తెలియదమ్మా. ఇంకా ఎవరూ చెప్పలేదు" అన్నాను. అక్కడ వాళ్లు పనిలో ఉన్నారు, నన్ను మర్చిపోయారు. ఫోను పెట్టేయకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను.