ఆరంగుళాల ఆర్వో

పోయిన అక్టోబరులో మా కోర్పిలా ఊరి హాల్లో పాస్టరుగారి ముక్కులోకి చెక్క స్కేలుబద్ద పోయింది. మరీ లోపలికేం కాదు, ఒక అరంగుళం. ఆయన కొత్తగా వచ్చినాయన, అమెరికా దక్షిణాది మనిషి, కౌగిలింతల అలవాటు ఇంకా పోలేదు. చొక్కా జేబులో ఫోనుతో మా మేనమామ ఆర్వో మీదికి చేతులు చాచి వచ్చారు. మామయ్య స్కేలుబద్ద అడ్డం పెట్టాడు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు వంగారు. రక్తం కొద్దిగానే వచ్చింది.

"ఆరంగుళాలు!" అన్నాడు మామయ్య, క్షమాపణకు బదులుగా. పాస్టరుగారు క్షమించారు. ఆ ఉద్యోగంలో అది తప్పదు.

మా మామయ్య సంగతి ఇంతే. ప్రపంచంలోని ప్రతి కరెంటు వస్తువునూ, ప్రతి అయస్కాంతాన్నీ మనిషి గుండెకు ఆరంగుళాల దూరంలో ఉంచడానికే దేవుడు తనను పుట్టించాడని ఆయన నమ్మకం. నిజానికి ఫిన్లాండు నుంచి వచ్చి మిషిగన్ ఉత్తరపు కొసన స్థిరపడ్డ ఫిన్నిష్ వాళ్ళం మామూలుగానే ఒకరికొకరం ఆరడుగుల దూరంలో నిలబడతాం. అయినా ఆయనకు తృప్తి లేదు.

రెండేళ్ళ క్రితం ఆయన చెప్పాపెట్టకుండా మూడు రోజులు పెద్దాసుపత్రి ఉన్న ఊరికి వెళ్ళొచ్చాడు. రాగానే ఎడమ ఛాతీ తట్టుకుని, "పేస్‌మేకర్ పెట్టారు. ఇకనుంచి ఎవరూ ఫోను చొక్కా జేబులో పెట్టుకుని తిరక్కూడదు" అన్నాడు.

"మిషను నీకు పెడితే మా జేబులతో ఏం పని మామయ్యా?" అన్నాను.

"నువ్వు నా పక్కన కూర్చుంటావు కదా?"

"ఈ క్షణం నుంచి కూర్చోను."

"మరీ మంచిది" అని స్కేలుబద్ద తీసి కొలిచాడు.

ఆ రోజునుంచి ఊరికి శాంతి లేదు. ఎవరైనా ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే చాలు, "కుడి చెవి ఏం పాపం చేసింది?" అని అరుపు. కొట్టుకెళితే, దొంగల్ని పట్టే కరెంటు గుమ్మం దగ్గర కాపలా. "ఆగకండి! మామూలు నడకలో దాటేయండి! కబుర్లు అవతల చెప్పుకోండి!" అంటూ సరుకుల బండితో అందర్నీ గొర్రెల్ని తోలినట్టు తోలేవాడు. మా హాల్లో కాఫీ కాచే హిల్యాకు గుమ్మాల్లో నిలబడి కబుర్లాడ్డం పుట్టుకతో వచ్చిన జబ్బు. అందుకని మామయ్య బండి ఎక్కువసార్లు తగిలింది ఆవిడకే.

"నీ గుండె కోసం నా మడమలు విరగ్గొడతావా, పిరికి ముసలాడా?" అనేది ఆవిడ. మామయ్యను చూసి ఊళ్ళో అందరికంటే గట్టిగా నవ్వేదీ ఆవిడే.

హాలు వంటింట్లోకి కొత్తగా ఇండక్షన్ పొయ్యి కొన్నాం. మర్నాటికల్లా నేలమీద, పొయ్యికి రెండడుగుల దూరంలో ఎర్ర గీత. "మరిగేటప్పుడు ఈ గీత ఇవతల నిలబడాలి. పొయ్యి మీదికి ఛాతీ వాల్చకూడదు" అన్నాడు. పుట్టి డెబ్భై ఆరేళ్ళయినా మామయ్య ఏ వంటింట్లోనూ పొయ్యి దగ్గరికి వెళ్ళి ఎరగడు. ఆ గీత ఎవరికోసమని నాకు తట్టలేదు. నేను హాలు కమిటీ కార్యదర్శిని. నాకు తట్టనివి చాలా ఉంటాయి.

పోతే, శనివారం మగవాళ్ళందరం కలిసి చేసే సౌనా మానేశాడు. ఫిన్నిష్ వాడు ఆవిరి గది మానడమంటే చేప నీళ్ళు మానడమే. "ఒంటికి పడదు" అన్నాడు. పాపం, పెద్ద జబ్బే అనుకున్నాం.

మొన్న జనవరిలో నా తెలివి వికసించింది. పాస్టరుగారికి మా పేర్లు నోరు తిరగడం లేదని అరవై పేరుబిళ్ళలు తెప్పించాను. వెనక అయస్కాంతం. చొక్కాకు చిల్లు పడకుండా ఎడమ ఛాతీ మీద టక్కున అతుక్కుంటాయి.

"ఇవి వద్దు" అన్నాడు మామయ్య.

"నువ్వు పెట్టుకోకు."

"ఎవరూ పెట్టుకోకూడదు."

"ఎందుకని?"

"నన్నెవరైనా కౌగిలించుకుంటే?"

"నిన్నా? అత్తయ్య పోయాక నిన్ను కౌగిలించుకోబోయింది పాస్టరుగారొక్కరే. ఆయన ముక్కు ఇంకా మానలేదు!"

అందరూ నవ్వారు. హిల్యా మాత్రం ఆ పూట నవ్వలేదు. కాఫీ కప్పులు తుడుస్తూ ఉండిపోయింది.

నాలుగు రోజులు పోయాక చూద్దును కదా, అరవై బిళ్ళలూ మామయ్య ట్రక్కు తలుపుకు అతుక్కుని ఊరంతా తిరుగుతున్నాయి. హాలు బల్ల మీద వాటి బదులు అరవై బర్చ్ చెట్టు చెక్క ముక్కలు, కత్తితో చెక్కిన పేర్లు, ఒక్కోదానికి వెనక ఒక పిన్నీసు. నా పేరులో ఒక అక్షరం తలకిందులైంది.

ఒళ్ళు మండింది. శనివారం మధ్యాహ్నం మంచులో పడుతూ లేస్తూ ఆయన ఇంటికి బయల్దేరాను. సగం దారిలో ఒక అనుమానం కాలికి తగిలింది. ఛాతీలో మిషనున్న మనిషి అరవై అయస్కాంతాలు ఒంటిచేత్తో ఎలా ఎత్తుకెళ్ళాడు?

ఇంటి వెనక సౌనా గొట్టంలోంచి పొగ వస్తోంది. తలుపు లాగాను. పై బల్ల మీద మామయ్య దిగంబరంగా కూర్చుని స్కేలుబద్దతో వీపు గోక్కుంటున్నాడు. ఛాతీ ఈకలు పీకిన కోడిలా నున్నగా ఉంది. ఉబ్బు లేదు, గాటు లేదు, ఏమీ లేదు.

"తలుపు వెయ్యి, ఆవిరి పోతోంది" అన్నాడు.

"మిషనేది?"

"లేదు."

"రెండేళ్ళు మా ప్రాణాలు తీశావు! ఎవరికుందిట మరి?"

పొయ్యి మీద కాగుతున్న రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోశాడు. బుస్సుమంది. ఆ చప్పుడు తగ్గాక అన్నాడు: "హిల్యాకు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఆవిడకు మోకాలు నొప్పి వచ్చినప్పుడు మీ కమిటీ ఏం చేసింది?"

ఏం చేశామో నాకు బాగా గుర్తే. ప్రేమతో ఒక కుర్చీ తెచ్చాం. దానికి పూలు కట్టాం. ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టి, కాఫీ కెటిల్ ఇంకొకరికిచ్చాం. ఆరు వారాలు. పూలు కట్టింది నేనే.

"ఇంటికెళ్ళి అన్నం మానేసిందిరా" అన్నాడు మామయ్య. "మోకాలికే ఆరు వారాలు కూర్చోబెట్టారు. గుండె అంటే లేవనిస్తారా? డాక్టరేమో అన్ని పనులూ చేసుకోవచ్చన్నాడు. ఫోనులూ అయస్కాంతాలూ ఛాతీకి దూరంగా ఉంచి, ఆ పొయ్యి మీద వాలకపోతే చాలట. ఆవిడొక్కతే బిళ్ళ వద్దంటే ఎందుకని అడగరూ మీరు? అదే నేను అందరికీ వద్దంటే, ముసలాడికి మతి పోయిందంటారు. అంతేగా?"

"అంతే అన్నాం" అని ఒప్పుకున్నాను.

"ఆవిడ కాఫీ పోతే ఈ ఊళ్ళో తాగడానికి ఏముంది, నీ ఉపన్యాసం తప్ప" అని వీపు తిప్పి స్కేలుబద్ద నా చేతికిచ్చాడు. గోకాను.

ఫిబ్రవరి విందులో నా తలకిందుల పేరు నేనే ముందుగా గుచ్చుకున్నాను, వేలితో సహా. హిల్యా ఎర్ర గీత ఇవతల నిలబడి కెటిల్ నింపింది. ఛాతీ మీద చెక్క పేరు ఊగుతుండగా బల్లబల్లకూ తిరిగి పోసింది. పక్కబల్ల పిల్ల ఫోను ఎత్తుకుని ఆవిడ మీదికి ఒరిగి ఫొటో తీయబోతే, "ఆరంగుళాలు!" అని ఎవరో అరిచారు. అందరూ నావైపు చూశారు. గొంతు నాదే.

హిల్యా నా కప్పు అంచుదాకా నింపి, "ఈ పిచ్చి మీ వంశంలోనే ఉందన్నమాట" అంది.

అంతలో పాస్టరుగారు కొత్త స్వెట్టరు పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చారు. ముక్కు మీద మచ్చ ఇంకా ఉంది.

"ఆర్వోగారూ, ఇది మా అమ్మ అల్లింది. మీ పిన్నీసు గుచ్చితే ఇదిగో, ఎడమవైపు ఇంత చిల్లు పడింది!"

మామయ్య హిల్యా పోసిన కాఫీ ఒక గుక్క తాగి, స్కేలుబద్దతో ఆ చిల్లు కొలిచి అన్నాడు:

"స్వెట్టరుకే కదండీ పడింది."