బ్యాండు ఊరు దాటిన రోజు

ఏడాది చివర ప్రార్థనలో చదివే ప్రకటనల్లో సగం నా మీద పగబట్టి రాసినట్టుండేవి. "బ్యాండు పిల్లలు తెల్ల చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి లెక్కల సారుకు అప్పజెప్పాలి. ఎర్ర పట్టీలు ఇంట్లో మరిచిపోయినం అనే మాట వినబడొద్దు. ఫ్లూటులు కడిగి తేవాలి. డ్రమ్ము పుల్లలతో చింతకాయలు రాల్చినవాళ్లు వెంటనే లెక్కల సారును కలవాలి." ఆ లెక్కల సారు నేనే. రాల్చినవాళ్లు ఒక్కరూ కలవలేదు. మొన విరిగిన పుల్ల మాత్రం ఒకటి నా బల్ల మీదికి వచ్చి చేరింది.

రాయికల్ దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు అది. ఆటల సారు బదిలీ మీద పోయి ఏడాదైంది, ఆ పోస్టు ఖాళీ. నేను కాలేజీలో పరేడు చేశానని హెడ్మాస్టరుకు ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడెవడో తెలిస్తే ఇప్పటికీ ఊరుకోను. ఒక పెద్ద డ్రమ్ము, రెండు చిన్న డ్రమ్ములు, ఒక జత తాళాలు, ఆరు ఫ్లూటులు నాకు అంటగట్టారు. సంగీతం నాకు రాదు. నడక మాత్రం వచ్చు. అందుకని పిల్లలకు నడకే నేర్పాను. "తల నిటారుగ, చూపు ముందుకు, పక్కకు చూస్తే వీపు పగులుతది." ఈ మూడు మాటలే ఏడాదంతా అరిచాను. అరవడం తప్ప ఇంకేం రాదు నాకు.

పెద్ద డ్రమ్ము తొమ్మిదో తరగతి అమ్మాయిది. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది. ఆ డ్రమ్ము కట్టుకుంటే ముందు నుంచి కాళ్లు, నుదురు తప్ప ఏమీ కనబడేవి కావు. కానీ దెబ్బ తప్పేది కాదు. వాళ్ల తాత తాటిచెట్లు ఎక్కి కల్లు గీసినవాడు. తండ్రి ఒకసారి చెట్టు మీది నుంచి జారి, నడుం విరగకుండా బతికి, ఆ పని మానేసి మస్కట్ పోయాడు. తల్లి బీడీలు చేసేది. అంతకుముందు నేను సిరిసిల్లలో పనిచేసినప్పుడు, మగ్గాలు ఆగిన ఏడాది తరగతిలో సగం మంది పిల్లలు తల్లిదండ్రులతో భివండి బండెక్కడం చూశాను. ఇక్కడ అట్లా కాదు. పిల్లలు ఉంటారు, తండ్రులు పోతారు. తల్లిదండ్రుల సమావేశం అని పిలిస్తే ఒళ్లో బీడీల చాటలు పెట్టుకుని తల్లులే వచ్చేవారు.

ఆ అమ్మాయి తండ్రి మూడేళ్ల తర్వాత రెండు నెలల సెలవు మీద వచ్చాడు. కూతురు బ్యాండులో ఉందని ఫోన్లో వినడమే తప్ప చూసింది లేదు. బుధవారం విమానం. వార్షికోత్సవం అంతకుముందు శనివారం. ఇంక అడ్డేముంది? అయినా ఆ పిల్ల రోజూ నా దగ్గరికి వచ్చి ఒకటే మాట.

"సార్, శనివారమే ఉంటదా?"

"శనివారమే."

"పక్కానా సార్?"

"హెడ్మాస్టరు సారు చెప్పిండు గద. పోయి దెబ్బ చూసుకో."

శుక్రవారం ప్రార్థనలో హెడ్మాస్టరు మైకు ముందుకు వచ్చాడు. ముఖ్య అతిథికి శనివారం తీరిక లేదట. వార్షికోత్సవం సోమవారం. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్లకే తెలియాలి. పెద్ద డ్రమ్ము పిల్ల చప్పట్లు కొట్టలేదు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. బుధవారం విమానమైతే మంగళవారం సాయంత్రం బయల్దేరతాడు, సోమవారం ఊళ్లోనే ఉంటాడు, దీనికి మొహం వేలాడేసుకోవడం ఎందుకు అని. లెక్కల సారు లెక్క మరి.

తెలిసింది ఆదివారం సాయంత్రం. చొక్కాలు ఇస్త్రీ అయ్యాయో లేదో చూద్దామని ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్లింటికి పోయాను. తండ్రి లేడు. మంగళవారం ఇల్లు కదలకూడదు కాబట్టి, అయ్యగారిని అడిగి ఆదివారం పొద్దున్నే ప్రస్థానం పెట్టారు. అంటే మంచి గడియలో గడప దాటి ఇంకోచోట ఉండి, అసలు ప్రయాణం అక్కడి నుంచే చేయడం. కాలువ అవతల పల్లెలో చెల్లెలి ఇంట్లో దిగాడు. రెండు కిలోమీటర్లు లేదు. కానీ బయల్దేరినవాడు వెనక్కి రాకూడదు. ఇంటికే కాదు, ఊరి పొలిమేరలోకే రాకూడదు.

నాకు తిక్కరేగింది. గద్దె మీద కూర్చున్న ముసలమ్మతో, అంటే అతని తల్లితో, వాదం పెట్టుకున్నాను.

"అమ్మా, మనిషే పోవాల్నా? సంచి ఒక్కటి పంపితే సరిపోదా? అందరు అట్లనే చేస్తరు గద."

"పోయినసారి సంచే పెట్టినం సారు," అంది ఆమె. "ఏమైంది? ఆడికి పోయినంక ఏడాది తిరగకుంటనే కంపెనీ మూసిండ్రు. ఇంకో కంపెనీల పని దొరికేదాంక ఉట్టి చేతులతోటే ఉన్నడు. గందుకే గీసారి మనిషినే ఎల్లదీసిన."

"కంపెనీ మూసింది సంచి వల్లనా?"

"ఏమో సారు. నువ్వు సదువుకున్నోనివి, నీకు ఎరుకైతే సెప్పు ఎందుకు మూసిండ్రో."

నాకు ఎరుక లేదు. ఆ కోపం కూడా కలిసింది. బడి ఇల్లు కాదు, రేపు గంటసేపు వచ్చి చూసి పోతే ఏమవుతుంది అన్నాను. బడి ఊళ్లో ఉందా, ఊరవతల ఉందా అని అడిగింది. ఊళ్లోనే ఉంది. తల్లి బీడీలు చుడుతూ తల ఎత్తలేదు. పిల్ల తలుపు వెనక నుంచి ఇస్త్రీ చొక్కా తెచ్చి చూపించింది. చొక్కా బాగానే ఉంది. నేనే వంకర మొహంతో బయటికి వచ్చాను. ఒక దిక్కు అతిథి, ఒక దిక్కు అయ్యగారు, మధ్యలో ఈ పిల్ల. ఎవరిని తిట్టాలో తెలియక ఇంటికి పోయి మా ఆవిడ మీద అరిచాను.

సోమవారం తొమ్మిదింటికల్లా షామియానా వేశారు. బ్యాండు పిల్లలు తెల్ల చొక్కాలు, ఎర్ర పట్టీలతో వరుసగా నిలబడ్డారు. వేదిక కుడివైపు. అతిథి ముందుకు రాగానే నేను "దహినే దేఖ్" అనాలి, అంటే అందరూ ఒక్కసారి కుడివైపు తల తిప్పాలి. అదొక్కటే పది రోజులు నేర్పాను. పదకొండింటికి హెడ్మాస్టరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని "సరే సార్, సరే సార్" అంటూ షామియానా చుట్టూ తిరిగాడు. తర్వాత మైకు పట్టుకున్నాడు. వార్షికోత్సవం గురువారం.

ఎప్పుడూ ఆయన ముందు గొంతు పెంచనివాణ్ణి. ఆరోజు పెంచాను.

"సార్, పిల్లలు రెండు గంటలసేపు ఎండల నిలబడ్డరు. ఈ బ్యాండును నేను ఇంటికి పంపను."

"మరి ఏం చేస్తవు?"

ఏం చేస్తానో నాకూ తెలియదు. అప్పుడే ఆయన ముందు బల్ల మీద, పై ఆఫీసు నుంచి వచ్చిన ఇంకో ప్రకటన కనబడింది. కొత్త పిల్లలను బడిలో చేర్పించమని చుట్టుపక్కల పల్లెల్లో ర్యాలీ తీసి, ఫొటోలు పంపాలి. అది కూడా ఏడాది చివర పనే. నెల రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు.

"ర్యాలీ తీస్త సార్. కాలువ అవతలి పల్లెకు పోతం."

ఆయన మొహం విప్పారింది. "ఫొటోలు మంచిగ రావాలె," అన్నాడు.

పెద్ద డ్రమ్ము పిల్లకు ఎక్కడికి పోతున్నామో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. కాలువ కట్ట మీదికి తిరగగానే ఆమె దెబ్బ ఒక్క క్షణం తొందరపడింది, మళ్లీ సర్దుకుంది. డ్రమ్ము బరువుకు వెనక్కి వంగి నడుస్తోంది. పల్లెలోకి దిగగానే కుక్కలు మొదలయ్యాయి. నేను వెనక ఉండి నినాదాలు ఇచ్చే పిల్లలను అదిలిస్తూ, కుక్కలను అదిలిస్తూ, ఫొటోలు తీస్తూ వస్తున్నాను. మేనత్త ఇల్లు కుడిచేతి వైపు. నేను ఫోన్లోంచి తలెత్తేసరికి బ్యాండు ఆ ఇల్లు దాటుతోంది.

తండ్రి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ప్రయాణానికి దాచుకున్న కొత్త చొక్కా తొడుక్కున్నాడు. డప్పు చప్పుడు కాదు, ఇది బడి చప్పుడని ముందే గుర్తుపట్టినట్టున్నాడు. కూతురు అతని ముందు నుంచి, మూడు గజాల దూరంలో, తల నిటారుగా, చూపు ముందుకు పెట్టి పోయింది. కంటి కొస కూడా తిప్పలేదు. ఏడాదంతా నేను అరిచి అరిచి నేర్పింది అదే. ఆ నిమిషం నా నోరు నేనే నొక్కుకోవాలనిపించింది. "దహినే దేఖ్" అనే రెండు ముక్కలు అనడానికి నాకు గుర్తు రాలేదు, కుక్కలను తిట్టడానికి మాత్రం మాటలన్నీ గుర్తొచ్చాయి.

అతను నా దగ్గరికి రెండడుగులు వేశాడు. "మంచిగ నడుస్తున్నది సార్," అన్నాడు. "అటు ఇటు సూడలే."

"మళ్లీ ఇటే వస్తరు, ఈడనే ఉండు," అని ముందుకు పరుగెత్తాను.

పల్లె చివర బ్యాండును వెనక్కి తిప్పాను. ఈసారి మరిచిపోకూడదని నోట్లో ఆ మాటే పెట్టుకుని వరుస పక్కన నడిచాను. ఇల్లు దగ్గరపడింది. గుండె నిండా గాలి పీల్చుకుని, అతిథి కోసం దాచిన గొంతంతా పెట్టి, "దహినే దేఖ్" అన్నాను.

తిరుగు దారిలో ఆ ఇల్లు ఎడమవైపు ఉంటుందని లెక్కల సారుకు తట్టలేదు. బ్యాండు బ్యాండంతా ఒక్కసారి కుడివైపు తిరిగింది. పది రోజుల్లో ఎప్పుడూ అంత బాగా తిరగలేదు. అక్కడ ఎవరిదో పెంటకుప్ప ఉంది. దాని మీద కోళ్లు ఉన్నాయి.

పెద్ద డ్రమ్ము పిల్ల ఒక్కతే ఎడమవైపు తిరిగింది.

తిరిగి, ఇల్లు దాటేదాకా చూసింది. తండ్రి చేయి ఎత్తలేదు, పిలవలేదు. అట్లాగే నిలబడి చూశాడు. దెబ్బ ఎక్కడా తప్పలేదు.

కాలువ కట్ట మీదికి వచ్చాక తాళాలు కొట్టేవాడు నా పక్కకు వచ్చాడు.

"సార్, అందరం కుడికి తిరిగినం. ఆమె ఎడమకు తిరిగింది సార్."

"నువ్వు కుడికి తిరిగి ఏం చూసినవురా?"

"పెంటకుప్ప సార్."

"అయితే నోరు మూసుకొని నడువు."

ముందు ఆ పిల్ల నడుస్తూనే మొహం భుజానికి రుద్దుకుంది. రెండు చేతుల్లోనూ పుల్లలు ఉన్నాయి మరి. ఇస్త్రీ చొక్కా భుజం తడిసింది. దాన్ని అట్లాగే అప్పజెప్పినా ఏమీ అనకూడదని అప్పుడే అనుకున్నాను.