బోర్కా వసారాలో గొంగళి

తిసా నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, రైలు రాకముందు రోజుల్లో, తన గుమ్మానికి తనే గడియ వేసుకునే ఆడది ఒక్కతే ఉండేది. పేరు బోర్కా. ఆ భాగ్యం ఆమెకి ఊరికే రాలేదు, మొగుడు మార్టోన్ చచ్చిపోతే వచ్చింది. పెళ్ళికి ముందు తండ్రి చెప్పుచేతల్లో, తండ్రి పోతే అన్న చెప్పుచేతల్లో, పెళ్ళయ్యాక మొగుడి చెప్పుచేతల్లో ఉండాల్సిన ఆడమనిషి, వితంతువు అయ్యాక మాత్రం ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండనక్కర్లేదు. ఇంత ఉదారంగా చట్టం రాసిన పెద్దలు చివర్న ఒక మెలిక పెట్టారు. చనిపోయిన మొగుడి పేరు మోస్తున్నంత కాలమే అతని ఇల్లూ, ద్రాక్షతోటా ఆమెవి. మళ్ళీ పెళ్ళాడిందంటే అవి అతని అన్నదమ్ములకి పోతాయి.

అందుకే బోర్కా ఒంటరితనం చూసి ఊళ్ళో అందరికన్నా ఎక్కువ కుమిలిపోయిన మనిషి ఆమె బావగారు మిహాయ్.

తమ్ముడు పోయాక ఏడాది ఆగాడు, మర్యాదస్తుడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి తిన్నగా మరదలి వంటింటికి వచ్చి, ఆమె వండిన కోడికూర రెండు పళ్ళేలు ఊడ్చి, మీసాలు తుడుచుకుని, దిక్కులేని ఆడదాని బతుకు ఎంత ఘోరమో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ దిక్కులేని ఆడది వారమంతా పదిహేను బాతుల్ని మేపి, మగ్గం మీద జనపనార బట్ట నేసి, తోటలో తీగలకి కట్లు కట్టుకుని, ఆదివారం ఒక్కపూట కాళ్ళు చాపుకుందామనుకునేది. అది కూడా ఈయన ఓదార్పుకే సరిపోయేది.

చివరికి ఒక దిక్కుని కూడా ఆయనే వెతికి తెచ్చాడు. పిండిమర గాష్పర్. పెళ్ళాం పోయింది, అయిదుగురు పిల్లలు, మంచాన పడ్డ తల్లి. జీతం ఇవ్వకుండా ఇంతమందికి చాకిరీ చేసే మనిషి ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించగా, పెళ్ళి చేసుకోవాలని తోచింది అతనికి.

బోర్కా వద్దంది. వంటింట్లో బావగారితో ఓసారి, పాదిరిగారి ఎదుట ఓసారి, దారిలో ఎదురైన గాష్పర్‌తోనే మూడోసారి వద్దంది. బావగారు నవ్వి, ఆడవాళ్ళు అలాగే అంటారన్నాడు. పాదిరిగారు సిగ్గే ఆడదానికి నగ అన్నారు. గాష్పర్ అయితే ఆ మాట విన్నాక మీసాలకి మైనం పూసుకోవడం మొదలుపెట్టాడు.

మా ఊళ్ళో పెళ్ళి అడగడం నోటితో జరగదు. అడగదలచినవాడు సాయంత్రం వచ్చి, వానల గురించి, గుర్రాల గురించి మాట్లాడి, పోతూ పోతూ తన పూలకుట్టు గొంగళి మరిచిపోయినట్టు చిలక్కొయ్యకి వదిలేసి పోతాడు. తెల్లారేసరికి అది ఇంట్లోనే ఉంటే ఒప్పుకున్నట్టు. వసారాలో కనపడితే, అతను తలొంచుకుని దాన్ని తీసుకుపోవాలి, మళ్ళీ ఆ గేటు తొక్కకూడదు. ఎందుకని ఎవరూ అడగరు. మూడుసార్లు చెప్పినా వినపడని మాట, ఒక్క గొంగళి చెబితే పాదిరిగారికి కూడా వినపడుతుంది.

ఈ సంగతి మిహాయ్‌కీ తెలుసు. అందుకని గాష్పర్ వచ్చిన సాయంత్రం తనూ పళ్ళ సారా సీసాతో దిగాడు. గాష్పర్ గొంగళి వదిలి వెళ్ళిపోయాక ఈయన కదల్లేదు. బయట మంచు కురుస్తోందన్నాడు, మోకాళ్ళు పట్టేశాయన్నాడు. ఆయన ఇల్లు అక్కడికి నాలుగిళ్ళ అవతల. చిలక్కొయ్య మీది గొంగళి తీసి, పొయ్యి పక్కన బల్ల మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు.

“బావగారూ, ఆ బల్ల మీద పడుకుంటే నడుం పట్టేస్తుంది,” అంది బోర్కా.

“పట్టనీ అమ్మాయ్. నీ మేలు కోసం ఈమాత్రం కష్టపడకపోతే తమ్ముడి ఆత్మకి నేనేం జవాబు చెప్పుకోను? ఆదివారం చర్చిలో పెళ్ళి కుదిరిందని మీ ఇద్దరి పేర్లూ చదివిస్తా.”

సీసాలో మిగిలింది తాగి గుర్రు పెట్టాడు. చర్చిలో పేర్లు చదివాక కాదంటే మాట తప్పిన ఆడదని ఊరు ఉమ్మేస్తుంది. బోర్కా ఓ అంచు పట్టుకు లాగింది. ఆయన నిద్రలోనే దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. రెండో అంచు లాగింది. అటు తిరిగి పడుకున్నాడు.

తొలికోడి కూసేవేళకి బోర్కా వెళ్ళి పక్కింటి షారా అత్త వాళ్ళ తలుపు తట్టింది.

“అత్తా, మా బల్లకి ఓ కొస పట్టుకుంటావా?”

షారా అత్త వచ్చి చూసి నోరు నొక్కుకుంది. “లేస్తాడేమోనే?”

“లేస్తే ఇంకా మంచిది. గొంగళి ఖాళీ అవుతుంది.”

మిహాయ్ మనిషి బక్కపలచన, నోరే బరువు. ఇద్దరూ బల్లని గుమ్మంలోంచి అడ్డంగా తిప్పి, వసారాలో చూరు కింద దించారు. ఆయన చప్పరించుకుని మళ్ళీ గుర్రు పెట్టాడు. బోర్కా లోపలికెళ్ళి గడియ వేసుకుంది.

తెల్లారింది. పశువుల కాపరి బూర ఊదాడు. వీధివీధంతా ఆవుల్ని తోలుకుని బయటికొచ్చింది. ఆవులు ముందుకి పోయాయి గానీ ఆడవాళ్ళు పోలేదు. సరిగ్గా అప్పుడే గాష్పర్ కొత్త బూట్లతో, అల్లుడి నడకతో గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. నవ్వులకి మెలకువ వచ్చిన మిహాయ్ కళ్ళు నులుముకుని, ఆకాశం చూసి, వీధిని చూసి, ఇది చెల్లదని అరిచాడు. ఊరిపెద్దని పిలిపించాడు.

ఊరిపెద్ద వచ్చి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. “తెల్లారేసరికి గొంగళి ఎక్కడుంది?”

“వసారాలోనే. కానీ దాని మీద నేనున్నాగా.”

“అయితే నిన్ను కూడా వద్దందన్నమాట,” అన్నాడు ఊరిపెద్ద.

గాష్పర్ గొంగళి ఒక్క గుంజు గుంజాడు. మిహాయ్ నేల మీద పడ్డాడు. ఆదివారం కోడికూర ఆయనకి ఆ రోజుతో సరి.

గాష్పర్ రెండు నెలలు తిరక్కుండానే నది అవతలి నుంచి ఒకామెని తెచ్చుకున్నాడు. ఆమె పుట్టింట్లో గొంగళి లోపలే ఉండిపోయిందట, ఆమెని ఎవరైనా అడిగారో లేదో తెలీదు. ఇప్పటికీ ఆమె పేరు మా ఊళ్ళో ఎవరికీ రాదు, పిండిమరాయన పెళ్ళాం అంటారు. బోర్కాని మాత్రం అందరూ బోర్కా అనే అంటారు, చర్చి పుస్తకంలో మార్టోన్ భార్య అని రాసి ఉన్నా.

ఆ మధ్యాహ్నమే బోర్కా గోడకున్న చిలక్కొయ్య ఊడబీకింది. పెరట్లో పాతి, దానికి తాడు కట్టి చిక్కుడుతీగ ఎక్కించింది.