పైకి లాగే గాలి

కొయ్య కట్టడాల నియమాల మీద వడ్రంగులకూ మేస్త్రీలకూ బాపట్లలో ఐదు రోజుల శిక్షణ పెట్టారు. పాఠాలు చెప్పే ఆయనకు తెలుగు రాదు. పక్కన నిలబడి తెలుగులో చెప్పడానికి మా ప్రిన్సిపాల్ గారు నన్ను పంపారు. నేను తెనాలిలో ఒక పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరర్‌ని. నా చదువంతా సిమెంటూ ఇనుమూ. కొయ్య గురించి ఎప్పుడో సగం పేపరు చదివి పాసయ్యాను, తర్వాత దాని ఊసే లేదు. అయినా ఇంగ్లీషులో విన్నది తెలుగులో చెప్పడమే కదా, అందులో నా బాధ్యత ఏముంటుంది అనుకున్నాను.

మొదటి రోజు పొద్దున తెనాలి స్టేషన్లో, రేపల్లె బండి దిగి వచ్చిన ఒక పెద్దాయన బాపట్ల బండి ఎక్కడికొస్తుందని నన్ను అడిగారు. అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, కుడిచేతి బొటనవేలికి సగం గోరు లేదు. ఆయనా వడ్రంగే, ఆ శిక్షణకే వస్తున్నారని తెలిశాక ఇద్దరం ఒకే పెట్టెలో ఎక్కాం. ఆ ఐదు రోజులూ అలాగే వెళ్ళాం. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవారు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ పనులు దొరుకుతాయని ఎవరో చెబితే వచ్చినవాళ్ళే ఎక్కువ. కొయ్యలో తేమ ఎంత ఉండాలి, ముడులు ఎంత దూరంలో ఉండవచ్చు, చెద పట్టకుండా ఏం చేయాలి అని సార్ చెబుతుంటే వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. టేకునీ వేపనీ చేత్తో తడిమి చెప్పగలిగిన వాళ్ళకు పట్టికలు చూపిస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? బాబాయ్ గారు మాత్రం నవ్వలేదు. స్కూలు నోటుపుస్తకం ఒకటి తెచ్చుకుని, నేను చెప్పిందల్లా పెద్ద పెద్ద అక్షరాలతో మెల్లగా రాసుకునేవారు.

రెండో రోజు బండి నిడుబ్రోలు దాటాక ఆయన తను ఎందుకు వచ్చిందీ చెప్పారు. అంతకు ముందు ఏడు ఆయన నిజాంపట్నం వైపు సముద్రం పక్క ఊళ్ళో ఎండుచేపలు దాచుకునే షెడ్డు ఒకటి కట్టారట. సరుగుడు గుంజలు, మంచి లావు వాసాలు, పైన రేకులు. తుఫాను గాలికి దాని కప్పు లేచిపోయింది. సామాను సర్దడానికి లోపలికి వెళ్ళిన ఒకామె కాలి మీద వాసం పడి ఎముక రెండు చోట్ల విరిగింది. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆమె భర్త కూడా అనలేదు.

“కొయ్య విరిగుంటే నాకింత బెంగ లేదమ్మా,” అన్నారు. “కాస్త సన్నం వేశాననుకునేవాణ్ణి. ఒక్క వాసమూ విరగలేదు. కప్పు కప్పులాగే లేచి అవతల పడింది. అదెలా పోయిందో ఆ సారుని అడగాలని వచ్చాను.”

అది ఎలా పోయి ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు చెప్పబోయే పాఠం కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి, ముందు రాత్రే తిరగేశాను. గాలి తేలికపాటి కప్పుని కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. పక్కలు తెరిచి ఉన్న షెడ్డయితే లోపలికి దూరిన గాలి కింది నుంచి కూడా తోస్తుంది. మేకు పక్కకి లాగితే ఆగుతుంది, పైకి లాగితే ఊడి వస్తుంది. అందుకే వాసాన్ని దూలానికి, దూలాన్ని గుంజకి ఇనుప పట్టీతో బిగించాలని నియమం. ఇదంతా ఆ కిటికీ పక్కన కూర్చుని నాలుగు మాటల్లో చెప్పేయవచ్చు. నేను చెప్పలేదు. “రేపు సార్‌ని అడుగుదాం బాబాయ్ గారూ,” అన్నాను. ఆయన సరేనన్నట్టు తలూపి నోటుపుస్తకం సంచిలో పెట్టుకున్నారు.

మూడో రోజు ఆయన లేచి నిలబడ్డారు. షెడ్డు సంగతి అంతా వరసగా చెప్పారు, కాలు విరిగినామె సంగతి మాత్రం చెప్పలేదు. నేను ఇంగ్లీషులో చెప్పాను. సార్ మొహం వెలిగింది. ఆయన తప్పేమీ లేదు, పాఠానికి అంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? బోర్డు మీద షెడ్డు గీసి, బాణాలు వేసి, ఇందులో కొయ్య లోపం ఏమీ లేదనీ, కొయ్యల్ని కలిపి బిగించిన కార్పెంటర్‌ది లోపమనీ, మేకుల్ని నమ్ముకోవడం వల్లే కప్పు పోయిందనీ చెప్పి నా వైపు చూశారు.

నలభై మందీ నా వైపే చూస్తున్నారు. నేను అన్నాను: కొయ్యలో లోపం లేదంటున్నారు. గాలి పైకి లాగుతుందట. ఆ రోజు గాలి మరీ ఎక్కువగా ఉండి ఉంటుందని, మన వైపు అందరూ అలాగే కడతారని అంటున్నారు.

ఆ చివరి మాటలు సార్ అనలేదు. బాబాయ్ గారు కూర్చోలేదు.

“కార్పెంటర్ అన్న మాట నాకు వినపడిందమ్మా,” అన్నారు. “ఉన్నదున్నట్టు చెప్పు. అందుకే కదా వచ్చింది.”

చెప్పాను. ఒక్కొక్క మాటా చెప్పాను. ఆయన విన్నంతసేపూ బోర్డు మీది బాణాలనే చూశారు. తర్వాత ఇంకొకటి అడగమన్నారు, ఇప్పటికే కట్టేసినవాటికి పట్టీలు వేయవచ్చా అని. వేయవచ్చు, రేకులు విప్పక్కర్లేదు, కింది నుంచే బోల్టులతో బిగించవచ్చు అన్నారు సార్. సాయంత్రం క్లాసయ్యాక ఒక కాగితం మీద పట్టీ కొలతలు గీసి, ఆయన చేతికిచ్చి, చెయ్యి కలిపారు.

తిరుగు ప్రయాణంలో బాబాయ్ గారు వేళ్ళు మడిచి ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. తను కప్పు వేసిన ప్రతి షెడ్డూ, ప్రతి వరండా ఆయనకు గుర్తున్నాయి. తెనాలి వచ్చేదాకా ఆ లెక్క తెగలేదు.

శిక్షణ అయిన నెలకి ఒక ఆదివారం ఆయన ఫోన్ చేస్తే రేపల్లె వెళ్ళాను. చదువుకున్న మనిషి పక్కన ఉంటే వింటారని ఆయన ఆశ. వెల్డింగ్ షాపులో కోయించిన పట్టీలు సంచి నిండా ఉన్నాయి. కూలి కూడా అడగడం లేదు. మొదటి ఇంటాయన, ఇన్నేళ్ళుగా నిలబడ్డ కప్పుకి ఇప్పుడేమొచ్చిందని అన్నాడు. రెండో ఆయన, వచ్చే ఏడు స్లాబు వేయిస్తున్నాం వదిలేయండి అన్నాడు. మూడో చోట, బోల్టుకి రంధ్రం పెడితే కొయ్య బలం తగ్గదా అని నన్నే అడిగారు. అంతగా తగ్గదని చెప్పాను, కాగితం మీద గీసి చూపించాను. వాళ్ళు ఎంతో మర్యాదగా విని మజ్జిగ ఇచ్చి పంపించారు.

ఆఖరున ఆ షెడ్డు దగ్గరికి వెళ్ళాం. దాన్ని మళ్ళీ కట్టారు, వేరే వడ్రంగితో, అవే మేకులతో. కాలు విరిగినామె కర్ర ఊతంతో నడుస్తోంది. చేపలు తిరగేయడం ఆపి మాకు నులకమంచం వాల్చింది. బాబాయ్ గారు కూర్చోకుండానే చెప్పారు. ఆ రోజు కప్పు పోయింది గాలి వల్ల కాదనీ, తను సరిగ్గా బిగించకపోవడం వల్లేననీ, అది తెలుసుకుని వచ్చాననీ. ఆమె తిడుతుందని ఆయన అనుకున్నారో, తిడితే బాగుండుననుకున్నారో నాకు తెలియదు.

“గాలొచ్చింది, పడింది. నువ్వేం చేస్తావు అన్నయ్యా,” అందామె. “కూర్చోండి, టీ పెడతాను.”

ఈ కప్పుకైనా పట్టీలు వేయనివ్వమని ఆయన అడిగితే, షెడ్డు తమది కాదనీ, చేపలు కొనే షావుకారుని అడగాలనీ చెప్పింది. షావుకారు ఫోన్లోనే దొరికాడు. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు.

నేను చేయగలిగింది ఒకటి మిగిలిందనిపించి, తీరం ఊళ్ళలో ఇలాంటి కప్పులన్నీ ఒకసారి చూడమని, ప్లాన్లకు అనుమతిచ్చే ఆఫీసుకి అర్జీ పెట్టాను. అక్కడి ఆయన మంచి మనిషే, కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడారు. ప్లాను అనుమతికి వచ్చే కట్టడాలకే ఆ నియమాలు చూస్తామనీ, షెడ్లకు ప్లాన్లే ఉండవనీ చెప్పారు. “మీరన్నది కరెక్టేనండి,” అన్నారు లేస్తూ. ఆ మాట పట్టుకుని బయటికి వచ్చాను.

నవంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. మాకు కాలేజీకి సెలవు ఇవ్వలేదు. బాబాయ్ గారు అప్పటికి నాలుగంటే నాలుగు కప్పులకు పట్టీలు వేయగలిగారు, అందులో ఒకటి సొంత ఇల్లు. రెండు రోజులు టీవీలో ఆ తెల్లటి సుడి మన వైపే జరుగుతుంటే, నాకు కనబడింది ఆ రేకులూ, కింద కర్ర పట్టుకుని నడిచే మనిషీ. షెడ్డులోకి వెళ్ళవద్దని ఆమెకు చెప్పమని ఫోన్ చేస్తే, పొద్దున్నే చెప్పి వచ్చానన్నారాయన.

తుఫాను పక్కకి తిరిగి ఎక్కడో పైన తీరం దాటింది. మన వైపు వాన తప్ప ఏమీ లేదు. మర్నాడు పదకొండు గంటలకి, నేను క్లాసుకి వెళ్తుంటే ఆయన ఫోన్ చేశారు. షెడ్డు చెక్కుచెదరలేదనీ, అందరూ క్షేమమనీ చెప్పారు. ఎంత మంచి కబురో అన్నాను.

“మంచిదేనమ్మా,” అన్నారు. వెనక ఎవరో చేపల బుట్టలు దింపుతున్న చప్పుడు. “చూశావా, నిలబడింది కదా అంటున్నారు అందరూ. ఇంక నా మాట వినరు.”

అవునండి అన్నాను. పిల్లలు క్లాసులోకి వెళ్ళి కూర్చున్నారు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఆయన ముందు పెట్టేస్తే నేనూ పెడదామని వరండాలో నిలబడ్డాను. ఆయనా పెట్టలేదు.